చందా పుస్తకానికీ చట్టానికీ మధ్య వినికిడి లేని పిల్లలు

కొన్నేళ్ళ క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ ఏర్పాటు చేసిన విరాళాల సభకు విలేకరిగా వెళ్ళాను. వేదిక మీద ఒక మంత్రి, ఇద్దరు పారిశ్రామికవేత్తలు, ఒక సినీనటుడు ఉన్నారు. కార్యక్రమం మధ్యలో ఐదేళ్ళ పాపను మైకు ముందుకు తీసుకొచ్చారు. చెవి వెనుక చిన్న యంత్రం, జుట్టు చాటున అయస్కాంతంతో అతుక్కున్న గుండ్రటి బిళ్ళ. పాప తన పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది, అందరికీ నమస్కారం అంది. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ హోరుకు బెదిరిన పాప తల మీది బిళ్ళను ఊడదీసుకుని తల్లి కొంగు చాటుకు వెళ్ళిపోయింది.

సభ ముగిశాక ఆ తల్లిని పలకరించాను. "ఆపరేషన్ గవర్నమెంటే చేయించింది సార్, కాదనను. మొన్న ఈ వైరు తెగిపోతే రెండు నెలలు మిషన్ పెట్టలేదు. పిల్ల మళ్ళీ సైగల్లోకి వెళ్ళిపోయింది. వీళ్ళు పుణ్యాన కొనిచ్చారు. మళ్ళీ తెగితే ఎవర్ని అడగాలి?" అంది. నేను రాజకీయ వార్తలు రాసేవాణ్ణి. ఏ పథకం ఏ శాఖ కిందికి వస్తుందో చెప్పగలననే నమ్మకం ఉండేది. ఆ రోజు ఆమెకు సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్న ఆమెతో మొదలుకాలేదు. వినికిడి లోపమున్న పిల్లల కోసం ఈ ఉపఖండంలో జరిగిన ప్రతి ప్రయత్నం వెనుక అదే ప్రశ్న కనిపిస్తుంది. తొలి అడుగు సమాజం చందాలతో వేసింది. కొంతకాలానికి ప్రభుత్వం వచ్చి, ఆ పనిలో ఒక భాగాన్ని మాత్రం తన భుజానికెత్తుకుంది. మిగిలిన భాగం మళ్ళీ చందాల మీదనే పడింది. ఎవరు ఏ భాగాన్ని తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నది రాజకీయ చరిత్ర. దాన్ని సానుభూతి కథగా చదివినంత కాలం ఆ తల్లికి సమాధానం దొరకదు.

1893: ఒకే సామ్రాజ్యం, రెండు దృశ్యాలు

ఈ చరిత్రను 1893 నుంచి చూడటం మేలు. ఆ ఏడాది బ్రిటిష్ పార్లమెంటు అంధ, బధిర బాలల ప్రాథమిక విద్యా చట్టాన్ని ఆమోదించింది. ఏడు నుంచి పదహారేళ్ళ మధ్య వయసున్న ప్రతి బధిర బాలుడికీ, బాలికకూ తగిన విద్య అందేలా చూడటం ఇంగ్లండు, వేల్సులలోని స్థానిక విద్యాధికార సంస్థల విధి అయింది. తల్లిదండ్రులు స్తోమతను బట్టి కొంత చెల్లించాలి. కానీ బిడ్డకు చదువు దక్కుతుందా లేదా అన్నది ఇక దాతల దయ మీద ఆధారపడదు.

సరిగ్గా అదే ఏడాది, అదే సామ్రాజ్యంలోని బ్రిటిష్ ఇండియాకు రాజధాని అయిన కలకత్తాలో, సిటీ కాలేజీలోని ఒక గదిలో కొద్దిమంది పిల్లలతో బధిర పాఠశాల మొదలైంది. శ్రీనాథ్ సింహ, జామినీనాథ్ బెనర్జీ, మోహినీమోహన్ మజుందార్ దాని తొలి ఉపాధ్యాయులు. సిటీ కాలేజీ ప్రిన్సిపాల్, బ్రహ్మసమాజ ప్రముఖుడు ఉమేశ్‌చంద్ర దత్తా వారికి అండగా నిలిచారు. జామినీనాథ్ లండన్‌కూ, అక్కడి నుంచి వాషింగ్టన్‌లోని గాలడెట్ కళాశాలకూ వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. పాఠశాలను నిలబెట్టింది భద్రలోక్ కుటుంబాల చందాలు, జమీందార్ల విరాళాలు. సర్కారు గ్రాంటు, మునిసిపల్ సాయం ఆ తరువాతి మాట.

లండన్‌లో చట్టం చేసినవారికి కలకత్తా పిల్లలు గుర్తుకురాలేదనుకోవడం అమాయకత్వం. వలస ప్రభుత్వానికి విద్య విషయంలో అప్పటికే ఒక స్థిరమైన విధానం ఉంది. 1854 నాటి వుడ్ నివేదిక గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతిని తెచ్చింది. ముందు స్థానికులు డబ్బు పోగుచేసి బడి పెట్టాలి, నడపాలి, ఆ తరువాత ప్రభుత్వం తనిఖీ చేసి కొంత సాయం చేస్తుంది. ఈ ఏర్పాటులో రాజ్యానికి బాధ్యత ఉండదు, ఔదార్యం మాత్రమే ఉంటుంది. బడి మూతపడితే అది నిర్వాహకుల వైఫల్యమే అవుతుంది. వలస పాలకులు వెళ్ళిపోయినా ఆ లెక్క మన సచివాలయాలను విడిచిపోలేదు.

చందాదారుల ఓట్లు

చందా నుంచి చట్టం దాకా రావడానికి ఐరోపా కూడా తన దారిన నడిచింది. పారిస్‌లో 1760ల నుంచి అబ్బే ద లెపే అనే మతగురువు పేద బధిర పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాడు. ప్రధానంగా సొంత ఆస్తిని దానికే ఖర్చుపెట్టాడు. విప్లవం మొదలైన 1789లోనే, డిసెంబరులో, ఆయన మరణించాడు. 1791లో విప్లవ జాతీయ సభ ఆ పాఠశాలను జాతీయ సంస్థగా మార్చింది. పౌరులందరూ సమానులన్న ప్రకటనకు అర్థం ఉండాలంటే, చెవులు వినబడని పౌరుడి చదువు ఒక వ్యక్తి వారసత్వ ఆస్తి మీద ఆధారపడకూడదని ఆ సభ గుర్తించింది.

మరుసటి ఏడాది, 1792లో, లండన్‌లోని బెర్మాండ్సీలో పేద బధిర బాలల ఆశ్రమ పాఠశాల మొదలైంది. అది నడిచిన తీరు రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారు తెలుసుకోదగినది. చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి ఎవరిని చేర్చుకోవాలో చందాదారులు ఓట్లు వేసి నిర్ణయించేవారు. చందా పెద్దదైతే ఓట్లు కూడా ఎక్కువే. బిడ్డకు చోటు సంపాదించాలంటే తల్లిదండ్రులు, వారి తరఫు పెద్దలు ఓటర్ల చుట్టూ తిరిగి అభ్యర్థించవలసి వచ్చేది. చదువు కోసం ఓ బధిర బాలుడు ఎన్నికల్లో నిలబడాలి, ఓడిపోతే మరో ఎన్నిక దాకా ఎదురుచూడాలి. దానంలో దాగి ఉన్న అధికారాన్ని ఇంత నిర్మొహమాటంగా చూపించిన ఏర్పాటు మరొకటి అరుదు.

అమెరికాలో కథ కొంత వేరుగా నడిచింది. కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో 1817లో తొలి శాశ్వత బధిర పాఠశాల ఏర్పడింది. థామస్ గాలడెట్, పారిస్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లోరాన్ క్లెర్ పట్టణాలు తిరిగి చందాలు పోగుచేశారు. అయితే కనెటికట్ శాసనసభ పాఠశాల తెరవకముందే, 1816లో, 5,000 డాలర్లు మంజూరు చేసింది. 1819లో అమెరికా కాంగ్రెస్ భూమి ఇచ్చింది. పొరుగు రాష్ట్రాలు తమ పిల్లల ఖర్చు భరించడానికి ముందుకొచ్చాయి. చందాదారులు, శాసనసభ్యులు రెండేళ్ళ తేడాతో ఒకే పనిలో చేరారు. అక్కడ చందా ప్రభుత్వం వచ్చేవరకు నడిచిన తాత్కాలిక వంతెన. మన దగ్గర వంతెనే నివాసమైంది.

మిషనరీలు, మహారాజులు, ముష్టి బియ్యం

ఉపఖండంలో తొలి బధిర పాఠశాల బొంబాయిది. 1880ల మధ్యలో కేథలిక్ బిషప్ లియో మ్యూరిన్ చొరవతో అది ఏర్పడింది. కలకత్తా పాఠశాల బ్రహ్మసమాజ వాతావరణంలో పుట్టింది. దక్షిణాన తిరునెల్వేలి దగ్గరి పాళయంకోట్టైలో 1890లలో ఫ్లోరెన్స్ స్వైన్సన్ అనే మిషనరీ బధిర పిల్లలను చేరదీసి బడి పెట్టింది. ఆమె పనిచేసిన జెనానా మిషన్ సంఘమే సింహళంలోనూ అడుగుపెట్టింది. 1912లో మేరీ చాప్‌మన్ ప్రారంభించిన బడి తరువాత రత్మలానలో స్థిరపడి నేటికీ ఉంది.

ఈ బడుల వెనుక ఉన్న డబ్బు ఎక్కడిదో చూస్తే నాటి సమాజ చిత్రమంతా కనబడుతుంది. విదేశీ చర్చిల్లో ఆదివారం పళ్ళెంలో పడిన నాణేలు, వర్తకుల ధర్మ ఖాతాలు, సంస్థానాధీశుల దానాలు, వకీళ్ళ నెలసరి చందాలు. సత్రానికీ, వేదపాఠశాలకూ, గ్రంథాలయానికీ గుప్పెడు బియ్యం తీసిపెట్టే అలవాటున్న సమాజం మనది. ఆ అలవాటుకు బధిర పాఠశాల కొత్త చిరునామా అయింది. వీరి సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ చందాలు లేకపోతే ఈ పిల్లలకు అక్షరం ముక్క దొరికేది కాదు. పూర్వజన్మ పాపమని పక్కన పెట్టిన బిడ్డ చదువుకోగలడని రుజువు చేసింది ఆ బడులే.

అయితే చందాకు ఒక స్వభావం ఉంది. అది దాత నివసించే పట్టణంలోనే పుడుతుంది, అక్కడే ఖర్చవుతుంది. బొంబాయికీ, కలకత్తాకూ, మిషన్ కేంద్రాలకూ బడులు వచ్చాయి. శ్రీకాకుళం పల్లెలో పుట్టిన బధిర బాలికకు, పాలమూరు నుంచి వలసపోయిన కూలీ బిడ్డకు ఆ బడి ఉందన్న సంగతే చేరలేదు. చందాకు మరో స్వభావమూ ఉంది. అది తన ఫలితాన్ని కళ్ళారా చూడాలనుకుంటుంది.

దాతలు వినదలచిన మాట

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తల అంతర్జాతీయ మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. సైగల భాషను పక్కనపెట్టి నోటి మాట ద్వారానే చదువు చెప్పాలని 160 మంది తీర్మానించారు, నలుగురు వ్యతిరేకించారు. ఆ తీర్మానం ప్రపంచంలోని బధిర పాఠశాలల మీద దాదాపు వందేళ్ళు పెత్తనం చేసింది. బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. 2010లో వాంకూవర్‌లో జరిగిన మహాసభ ఆ తీర్మానాల వల్ల జరిగిన హానికి విచారం ప్రకటించవలసి వచ్చింది.

మిలాన్ తీర్మానానికి సిద్ధాంత కారణాలు అనేకం. అయినా విరాళాల కోణాన్ని విస్మరించలేం. పారిస్ పాఠశాల రోజుల నుంచే పిల్లలను ప్రముఖుల ముందు నిలబెట్టి ప్రదర్శనలు ఇప్పించే ఆచారం ఉంది. సైగలతో గణితం చేసి చూపే బాలుడి కంటే, తడబడుతూనైనా నోటితో నాలుగు మాటలు పలికే బాలుడు దాత హృదయాన్ని త్వరగా కరిగిస్తాడు. దాతకు అర్థమయ్యేది తన భాషే కదా! భారతీయ పాఠశాలల్లో కూడా చాలాకాలం నోటి మాటకే పెద్దపీట దక్కింది. తరగతి గదిలో చోటు లేని సైగల భాష హాస్టల్ వరండాల్లో, భోజనాల బల్లల దగ్గర పిల్లల మధ్య బతికింది.

నేను చూసిన సభలో పాప చేత పేరు చెప్పించిన క్షణానికి ఇంత చరిత్ర ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ తప్పని గానీ, పిల్లలకు మాట నేర్పకూడదని గానీ నేను అనడం లేదు. యంత్రమో, సైగల భాషో, రెండూనో, ఏది ఆ బిడ్డకు తగినదో అన్నది బిడ్డ అవసరాన్ని బట్టి తేలాలి. చప్పట్లు దాన్ని నిర్ణయించకూడదు.

స్వాతంత్ర్యం తరువాత

స్వాతంత్ర్యానికి ముందే, 1944లో, సార్జెంట్ నివేదిక ఈ పిల్లల విద్యను ప్రభుత్వాలు పట్టించుకోలేదని ఒప్పుకుంది. దాన్ని జాతీయ విద్యా వ్యవస్థలో అంతర్భాగం చేయాలని సూచించింది. ఆరేళ్ళకు రాజ్యాంగం వచ్చింది. అందులో ఈ పిల్లలకు దొరికిన చోటు ఏది? ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని తొమ్మిదవ అంశం: వికలాంగులకు, పని చేయలేనివారికి సహాయం. విద్య కాదు, హక్కు కాదు, "సహాయం". 41వ అధికరణం వైకల్యమున్నవారికి ప్రభుత్వ సాయం గురించి ప్రస్తావించినా, అది ఆదేశిక సూత్రాల్లో ఉంది, పైగా రాజ్యపు ఆర్థిక స్తోమతకు లోబడి ఉంది. న్యాయస్థానానికి వెళ్ళి అడగడానికి వీల్లేని వాగ్దానమది.

జనగణన సంగతి ఇంకా విచిత్రం. బ్రిటిష్ పాలనలో 1872 నుంచి 1931 వరకు ప్రతి జనగణనలో చెవిటి-మూగవారిని లెక్కించారు. వారి ఉద్దేశాలు ఏవైనా కావచ్చు, అంకె మాత్రం ఉండేది. స్వతంత్ర భారతం 1951, 1961, 1971 జనగణనల్లో ఆ ప్రశ్నే అడగలేదు. 1981లో అడిగి 1991లో మళ్ళీ వదిలేసింది. వికలాంగుల సంఘాల ఒత్తిడితో 2001లో ఆ ప్రశ్న తిరిగి వచ్చింది. ఓటర్ల జాబితాలను ఇంత శ్రద్ధగా తయారుచేసుకునే రాజ్యం ముప్పై ఏళ్ళపాటు వీరిని లెక్కించాలని అనుకోలేదు. లెక్కలో లేని మనిషికి బడ్జెట్టులో పద్దు ఎక్కడి నుంచి వస్తుంది?

2011 జనగణన ప్రకారం వినికిడి వైకల్యమున్నవారు సుమారు 50.7 లక్షలు. బధిరత్వ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం ఉటంకించే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం గణనీయమైన వినికిడి లోపమున్నవారు దాదాపు 6.3 కోట్లు. నిర్వచనాలు వేరు కాబట్టి అంకెలూ వేరని అధికారులు చెబుతారు, అది నిజమే. కానీ ఏ నిర్వచనం ఎంచుకుంటే బాధ్యత ఎంత తగ్గుతుందో కూడా ఆ తేడాయే చెబుతుంది.

1966లో వచ్చిన కొఠారీ కమిషన్ నివేదికను విద్యారంగంలో గీటురాయిగా చెప్పుకుంటాం. దేశంలో ఎవరి పిల్లలైనా ఒకే బడిలో చదవాలని కలగన్న నివేదిక అది. 1986 నాటికి అంధ, బధిర, శారీరక వికలాంగ బాలల్లో ఎంతమందికి విద్య అందించాలన్నది దాని లక్ష్యం? సుమారు 15 శాతానికి. ఇరవై ఏళ్ళ తరువాత కూడా నూటికి ఎనభై అయిదుగురు బయటే ఉంటారని ముందే ఒప్పుకున్న లక్ష్యమది. ఆ ఎనభై అయిదుగురిని ఎవరు చూడాలి? జవాబు రాయకపోయినా అందరికీ తెలుసు. చందాలు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1960ల మధ్యలో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో జాతీయ శ్రవణ వికలాంగుల సంస్థ మొదలైంది. దానికి హైదరాబాదు బిడ్డ, దౌత్యవేత్త, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. సికింద్రాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. నిపుణుల తయారీలో ఈ సంస్థల పాత్ర గొప్పది. అయితే నిపుణులను తయారుచేయడం వేరు, బిడ్డ ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో ఒక నిపుణురాలిని నియమించడం వేరు. ఆ రెండో పని దశాబ్దాలపాటు స్వచ్ఛంద సంస్థలకే మిగిలింది. మద్రాసులో 1969లో మొదలైన బాల విద్యాలయ పసివయసు బధిర పిల్లలకు, వారి తల్లులకు కలిపి ఉచితంగా శిక్షణ ఇచ్చే బడిగా పేరు తెచ్చుకుంది. భాషకు పునాది పడేది తొలి మూడు నాలుగేళ్ళలోనేనని ఆ బడి గ్రహించింది. ప్రభుత్వ పథకాల భాషలోకి ఆ ఎరుక రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆపరేషన్ ప్రభుత్వానిది, వైరు ఎవరిది?

కాక్లియర్ ఇంప్లాంట్ కథ కూడా చందాతోనే మొదలైందని చాలామందికి తెలియదు. మెల్‌బోర్న్ వైద్యుడు గ్రేమ్ క్లార్క్ తండ్రి వినికిడి లోపంతో మందుల దుకాణం నడిపినవాడు. కొడుకు పరిశోధనకు నిధులు దొరకని రోజుల్లో, 1970లలో, ఆస్ట్రేలియాలో ఒక టెలివిజన్ ఛానల్ విరాళాల కార్యక్రమం నిర్వహించి సొమ్ము సేకరించి ఇచ్చింది. ఆ డబ్బుతో నడిచిన పని 1978 ఆగస్టులో క్లార్క్ తొలి ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు దారితీసింది. ఆ విజయం తరువాత ఆస్ట్రేలియా ప్రభుత్వం, పరిశ్రమ కలిసి దాన్ని ముందుకు తీసుకువెళ్ళాయి. ఇక్కడ కూడా తొలి అడుగు ప్రజలదే.

మన దేశంలో ఆ శస్త్రచికిత్సను పేదల దగ్గరకు తెచ్చిన ప్రయత్నాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది ముఖ్య స్థానం. 2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీలో కుటుంబానికి సాధారణ పరిమితి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. కాక్లియర్ ఇంప్లాంట్‌కు మాత్రం, శస్త్రచికిత్స తరువాతి మాటల శిక్షణతో కలిపి, 6.50 లక్షల దాకా ప్రత్యేకంగా అనుమతించారు. ఆ పథకం మీద ఎన్ని విమర్శలున్నా, శిక్షణను కూడా ఖర్చులో చేర్చిన ఆ ఆలోచన సరైనది. 2012లో కేరళ శ్రుతితరంగం తెచ్చింది. 2014 నుంచి కేంద్రం వికలాంగుల ఉపకరణాల పథకం కింద ఏటా 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి ఆరు లక్షల పరిమితితో, ఇంప్లాంట్లు సమకూర్చడం ప్రారంభించింది. దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా శిశువులు పుడతారు. వెయ్యికి ఒకరికి తీవ్ర వినికిడి లోపం ఉంటుందనుకున్నా ఏటా ఇరవై వేలకు పైమాటే. అందరికీ ఇంప్లాంట్ అవసరం ఉండదు. అయినా ఇరవై వేల పక్కన 500ను పెట్టి చూడండి.

అసలు చిక్కు అంకె కంటే లోతైనది. శస్త్రచికిత్స ఒక రోజు జరుగుతుంది. దానికి తేదీ ఉంటుంది, ఫోటో ఉంటుంది, లబ్ధిదారుల జాబితా ఉంటుంది. ఎన్నికల సభలో చెప్పుకోవడానికి అంకె ఉంటుంది. ఆ తరువాత వచ్చేది ఏళ్ళ తరబడి సాగే పని. చెవి వెనుక యంత్రానికి బ్యాటరీలు కావాలి. వైరు, బిళ్ళ పాడవుతాయి. కొన్నేళ్ళకు తయారీ సంస్థ ఆ నమూనాకు విడిభాగాలు ఆపేస్తే యంత్రాన్నే మార్చాలి. తల్లి కూలి మానుకుని వారానికోసారి, రెండుసార్లు బిడ్డను శిక్షణకు తీసుకువెళ్ళాలి. వీటికి రిబ్బను కత్తిరింపు ఉండదు. కేరళలో శ్రుతితరంగం పిల్లల యంత్రాల మరమ్మతు, మార్పిడి ఖర్చు ఎవరు భరించాలన్నది 2023లో పెద్ద వివాదమై ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టింది. మిగతా రాష్ట్రాల్లో అది వివాదం కూడా కాలేదు. తల్లిదండ్రులు అప్పు చేశారు, లేదా యంత్రాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టారు.

ఆ ఖాళీలోకి మళ్ళీ చందా వచ్చింది. కొత్త రూపం కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం లాభాల్లో రెండు శాతాన్ని ఇటువంటి పనులకు కేటాయించమంది. ప్రత్యేక విద్య ఆ జాబితాలో ఉంది. కానీ నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టు గడువు, మొదలైన ఏడాదిని మినహాయిస్తే, మూడేళ్ళకు మించరాదు. బిడ్డ యంత్రం మూడేళ్ళకు మాట్లాడటం మానేయదు, జీవితాంతం తోడుండాలి. ప్రతి కొత్త ప్రాజెక్టుకూ సంస్థ మళ్ళీ దాత దగ్గరకు వెళ్ళాలి, మళ్ళీ ఒక పాపను మైకు ముందు నిలబెట్టాలి.

ఆరేళ్ళ ఖాళీ

చట్టం లేదా అంటే, ఉంది. 1995 చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య, నిర్దేశిత స్థాయి వైకల్యమున్న ప్రతి బిడ్డకూ ఉచిత విద్య హక్కని 31వ సెక్షన్ చెబుతోంది. సైగల భాషను కూడా ఆ చట్టం గుర్తించింది. 1893లో లండన్ ఏడేళ్ళ నుంచి అంది. నూట ఇరవై మూడేళ్ళ తరువాత మనం ఆరేళ్ళ నుంచి అన్నాం.

కానీ వినికిడి లోపమున్న బిడ్డ జీవితంలో నిర్ణాయకమైన కాలం ఆ ఆరేళ్ళకు ముందే గడిచిపోతుంది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స లేదా శిక్షణ మొదలుకావాలన్నది వైద్యులు పాటించే కొలమానం. మన ఇళ్ళల్లో జరిగేది వేరు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే" అంటూ రెండేళ్ళు గడుస్తాయి. మొక్కులు తీర్చడంలో మరో ఏడాది. సర్టిఫికెట్టు కోసం మరికొన్ని నెలలు. పథకం పెట్టిన వయోపరిమితి అప్పటికి దాటిపోయిన పిల్లలు ఎందరో. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే చెవుడును తన జాబితాలో చేర్చింది. జాబితాలో పేరుండటానికీ, జిల్లా ఆసుపత్రిలో పరీక్ష యంత్రం, దాన్ని నడిపే మనిషి ఉండటానికీ మధ్య దూరం విలేకరులందరికీ తెలిసిందే.

ఆ దూరాన్ని తగ్గించవచ్చని చూపింది కూడా ప్రజల చొరవే. కొచ్చిలో పిల్లల వైద్యుల సంఘం 2003లో ఒక సులువైన పద్ధతి మొదలుపెట్టింది. ప్రతి ఆసుపత్రీ యంత్రం కొనలేదు కాబట్టి, చేతిలో పట్టుకుపోగల పరీక్ష పరికరంతో ఒక మనిషి ఆసుపత్రులన్నీ తిరిగి శిశువులను పరీక్షిస్తుంది. అనుమానం ఉన్న శిశువులను ఒక కేంద్రానికి పంపి లోతైన పరీక్ష చేయిస్తారు. ఖర్చు అందరికీ పంచబడుతుంది. కోట్ల బడ్జెట్టు అవసరం లేని పని ఇది. ప్రతి జిల్లాలో చేయించడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు, దాన్ని అమలు చేయించే పట్టుదల చాలు.

ఇక్కడే సామాజిక విరాళానికి సరైన చోటు ఏదో తెలుస్తుంది. కొత్త పద్ధతిని ప్రయత్నించి చూడటం, విఫలమైతే నష్టాన్ని భరించడం, బడికి వచ్చే తల్లికి బస్సు ఛార్జీ ఇవ్వడం, బధిర యువకులు తమ సంఘం నడుపుకోవడానికి అండగా ఉండటం. ఇవి చందా బాగా చేయగల పనులు. ప్రభుత్వం ఇచ్చిన యంత్రానికి వైరు కొనిపెట్టడం చందా పని కాదు. అది ఆ యంత్రం ఇచ్చిన రోజే ప్రభుత్వం ఒప్పుకున్న బాధ్యత. రోడ్డు వేసిన శాఖే గుంటలు పూడ్చాలని అడిగే మనం, చెవి విషయంలో ఎందుకు దాతను వెతుక్కుంటున్నాం?

అడగవలసినవి పెద్ద విషయాలేమీ కాదు. ప్రతి ప్రసవ కేంద్రంలో పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష జరగాలి. హక్కు ఆరో ఏట కాకుండా పుట్టిననాడే మొదలు కావాలి. ఇంప్లాంట్ ఇచ్చే పథకంలో మరమ్మతు, యంత్రం మార్పిడి, శిక్షణ ఖర్చు విడదీయరాని భాగం కావాలి. నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర బధిరులు కూర్చోవాలి, మిలాన్‌లోలా ఒక్కరు కాదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఇప్పటివరకు మన రాష్ట్రాల్లో ఏ ఎన్నికనూ నిర్ణయించిన అంశం కాలేదు. తల్లిదండ్రులు చెదిరి ఉన్నారు, పిల్లలకు ఓటు లేదు, దాతలకు కృతజ్ఞత చెప్పుకునే అలవాటు మాత్రం అందరికీ ఉంది.

ఆనాడు ఆ తల్లికి చెప్పలేకపోయిన సమాధానం ఇప్పుడు చెప్పగలను. మళ్ళీ వైరు తెగితే మీరు అడగవలసింది దాతను కాదమ్మా, మీ ఎమ్మెల్యేను. ఆయన దగ్గర సమాధానం లేకపోతే, తప్పు మీ ప్రశ్నలో లేదు.